ఖాళీ తూటా కూడా నేరమేనా? వాషింగ్టన్ డీసీ నుంచి మన ఆయుధ చట్టం దాకా

క్లుప్తంగా: పేలిపోయిన తూటా తాలూకు ఇత్తడి తొడుగును చాలామంది పాత సామాను కిందే చూస్తారు. వాషింగ్టన్ డీసీ, మసాచుసెట్స్ చట్టాలు మాత్రం దాన్ని కూడా మందుగుండు లెక్కలోనే వేశాయి. డీసీకి ఆనుకునే ఉన్న వర్జీనియాలో దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు. భారత ఆయుధ చట్టం ప్రకారం తూటా విడిభాగాలు కూడా మందుగుండే, అయితే అందులో ఒక మంచి మినహాయింపు ఉంది. అమెరికాలో స్టూడెంట్ వీసా, హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లు రాష్ట్రాల చట్టాల కంటే ముందు దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టాన్ని చూసుకోవాలి.

వంతెన దాటితే మారిపోయే వస్తువు

శనివారం వర్జీనియాలో ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లారనుకుందాం. హెర్న్‌డన్, ఆష్‌బర్న్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి, ఊరి నుంచి వచ్చిన బావమరిదికి సరదాగా చూపించడానికి తీసుకెళ్లడం వింతేమీ కాదు. 9 ఎంఎం పిస్టల్ పేల్చిన ప్రతిసారీ పక్కనుంచి ఒక ఇత్తడి తొడుగు ఎగిరి పడుతుంది, వెంటనే పట్టుకుంటే వేలు చురుక్కుమంటుంది. చల్లారాక చేతిలోకి తీసుకుంటే 19 మిల్లీమీటర్ల పొడవు, దాదాపు చిటికెన వేలి చివరి కణుపంత. అడుగున గుండ్రంగా కంపెనీ గుర్తు, కొలత అచ్చేసి ఉంటాయి, సరిగ్గా మధ్యలో ఫైరింగ్ పిన్ కొట్టిన చిన్న సొట్ట. గుర్తుగా ఉంటుందని ఒకటి జాకెట్ జేబులో వేసుకున్నారు. ఆదివారం అదే జాకెట్ తొడుక్కుని పిల్లలతో కీ బ్రిడ్జి మీదుగా పొటోమాక్ నది దాటి జార్జ్‌టౌన్‌లోకి వచ్చారు.

నదికి ఇవతల ఉన్నంతసేపు అది ఇత్తడి ముక్క. అవతల అడుగు పెట్టాక, డీసీ చట్టం రాసిన తీరు ప్రకారం, అది మందుగుండు. మధ్యలో జరిగిందల్లా ఊరు మారడమే. ఈ విషయంలో వచ్చే గందరగోళమంతా ఇక్కడే ఉంది. చాలామంది "తుపాకీ లేదు కదా, పేలే గుండు కూడా కాదు కదా, ఇంక కేసేంటి" అనుకుంటారు. చట్టం చూసేది అది పేలుతుందా లేదా అని కాదు. 'మందుగుండు' అన్న మాటకు మొదటి పేజీలో ఏ నిర్వచనం రాసుకున్నారో దాన్ని చూస్తుంది.

తూటాలో ఏముంటుంది, ఖాళీ తొడుగుకు విలువేంటి

మనం తూటా అని పిలిచేదానిలో నాలుగు భాగాలుంటాయి. ముందు దూసుకెళ్లే గుండు, దాని వెనక మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, ఈ మూడింటినీ కలిపి పట్టుకునే తొడుగు. ట్రిగ్గర్ నొక్కితే పిన్ను వెళ్లి ప్రైమర్‌ని కొడుతుంది, అది అంటుకుని మందును కాలుస్తుంది, ఆ వాయువు ఒత్తిడికి గుండు గొట్టంలోంచి బయటికి పోతుంది. తొడుగు ఒక్కటే మిగిలిపోతుంది.

మిగిలిపోయినా అది పూర్తిగా పనికిరానిది కాదు, అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. ఇత్తడి తొడుగును మళ్లీ వాడొచ్చు. కాలిపోయిన ప్రైమర్‌ని బయటికి నెట్టి, సాగిన తొడుగును అచ్చులో పెట్టి మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ కొట్టి, మందు తూచి పోసి, పైన గుండు బిగిస్తే కొత్త తూటా తయారు. అమెరికాలో దీన్ని రీలోడింగ్ అంటారు. వేటగాళ్లు, పోటీల్లో కాల్చేవాళ్లు ఖర్చు కలిసొస్తుందని ఇంట్లోనే బల్ల మీద చేసుకుంటారు. చట్టం రాసేవాళ్ల ఆలోచన ఇలా సాగింది: పూర్తి తూటాను మాత్రమే నిషేధిస్తే ఎవరైనా భాగాలుగా తెచ్చుకుని ఇంట్లో కూర్చుకుంటారు, కాబట్టి భాగాలను కూడా నిషేధంలోకి లాగేయాలి.

తర్కం సరైనదే. అయితే సంచి నిండా తొడుగులు, పక్కన ప్రైమర్ల పెట్టె, మందు డబ్బా ఉన్న మనిషికీ, తాళం చెవుల గుత్తికి ఒకే ఒక్క ఖాళీ తొడుగు తగిలించుకున్న మనిషికీ తేడా చూపించే మాట ఆ నిర్వచనంలో లేదు.

డీసీ చట్టం ఎంత గట్టిదంటే

డీసీ తుపాకుల నియంత్రణ చట్టం 1975లో చేసింది, 1976 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చింది. అందులో మందుగుండు అంటే తొడుగులు, షెల్స్, గుళ్లు, ప్రైమర్లు, మందు, ఇంకా తుపాకీలో వాడటానికి తయారైన ఇతర పదార్థాలు అన్నీ. జాబితాలో మొదట పేర్కొన్నదే తొడుగు. ఇవి దగ్గర ఉంచుకునే హక్కు లైసెన్సున్న డీలర్లకు, పోలీసులకు, విధుల్లో ఉన్న ప్రభుత్వ సిబ్బందికి, డీసీలో తుపాకీ రిజిస్టర్ చేయించుకున్నవాళ్లకు, శిక్షణ తరగతిలో ఉన్నంతసేపు అక్కడ నేర్చుకునేవాళ్లకు, ఇలా కొద్దిమందికే ఉంది. మిగతావాళ్లకు ఏడాది దాకా జైలు, జరిమానా పడే అవకాశం ఉంటుంది. కోర్టు దాకా పోకుండా జరిమానా కట్టించి ముగించే పద్ధతి కూడా చట్టంలో ఉంది, కానీ అది అధికారుల ఇష్టం, అడిగితే దొరికే హక్కు కాదు.

2008 జూన్ 26న హెల్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు డీసీ హ్యాండ్‌గన్ నిషేధాన్ని కొట్టేసింది. దాంతో ఈ మందుగుండు నియమం కూడా పోయిందని కొందరు అనుకున్నారు. పోలేదు. 2010లో హెరింగ్టన్ కేసులో డీసీ అప్పీళ్ల కోర్టు ఒక మార్పు తెచ్చింది. ఇంట్లో హ్యాండ్‌గన్ మందుగుండు ఉందని చెప్పి శిక్ష వేయాలంటే, ఆ మనిషికి రిజిస్ట్రేషన్ లేదని ప్రభుత్వమే రుజువు చేయాలి, రుజువు భారం నిందితుడి మీద పెట్టకూడదు అంది. ఇంట్లో ఉండే రిజిస్టర్డ్ యజమానికి అది మేలు. ఏ రిజిస్ట్రేషనూ లేకుండా జేబులో తొడుగుతో ఊరు చూడ్డానికి వచ్చినవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

జార్జ్‌టౌన్ వైపు ఒక ఇంటి మీద 2012లో జరిగిన సోదా తాలూకు కేసు 2014 నాటికి దేశమంతా చర్చకు వచ్చింది. ఆ ఇంట్లో తుపాకీ దొరకలేదు. పేలని ఒక షాట్‌గన్ షెల్, మజిల్‌లోడర్ అనే పాతకాలపు పద్ధతి తుపాకీలో ముందునుంచి దూర్చే గుళ్లు దొరికాయి. ఆ గుళ్లకు ప్రైమర్ లేదు, మందు లేదు. అయినా కేసు విచారణ దాకా నడిచింది. వాదన అంతా వాటిని మందుగుండు అనొచ్చా లేదా అన్న దాని మీదే. ఎవరికైనా హాని జరిగిందా, జరగబోయిందా అన్నది అక్కడ ప్రశ్నే కాలేదు.

ఇందులో మరీ తికమక పెట్టే విషయం ఒకటుంది. అమెరికా విమానాశ్రయాల్లో భద్రత చూసే టీఎస్‌ఏ నియమాల ప్రకారం, గుండు లేకుండా, ప్రైమర్ పేలిపోయిన లేదా తీసేసిన తొడుగును చేతి సంచిలో పెట్టుకుని విమానం ఎక్కవచ్చు. విమానానికి ప్రమాదం కాదని ఒక ప్రభుత్వ సంస్థ తేల్చిన వస్తువే, అదే విమానం దిగి డీసీలోకి వెళ్తే స్థానిక చట్టానికి విరుద్ధమవుతుంది. ఎయిర్‌పోర్టులో ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి అంతా ఓకే అనుకుంటే పొరపాటే.

పక్క రాష్ట్రంలో అదే తొడుగు సర్కారు రికార్డు

డీసీని మూడు వైపులా చుట్టుకుని ఉన్న మేరీల్యాండ్ కథ దీనికి పూర్తిగా రివర్స్. 2000లో అక్కడ ఒక చట్టం తెచ్చారు. కొత్తగా అమ్మే ప్రతి హ్యాండ్‌గన్‌తో పాటు దాన్నుంచి పేల్చిన ఒక ఖాళీ తొడుగును రాష్ట్ర పోలీసులకు ఇవ్వాలి. తొడుగు అడుగున పిన్ను పడ్డ గుర్తు, వెనక భాగం ఒత్తుకున్న గీతలు ఒక్కో తుపాకీకి ఒక్కోలా ఉంటాయి కాబట్టి, రేపు నేరం జరిగిన చోట దొరికే తొడుగుతో సరిపోల్చి తుపాకీని పట్టుకోవచ్చన్నది ఆశ. అలా 3 లక్షలకు పైగా తొడుగులు చిన్న చిన్న కవర్లలో పైక్స్‌విల్‌లోని పోలీసు ప్రధాన కార్యాలయం కింద నేలమాళిగలో పేరుకుపోయాయి. వాటివల్ల ఒక్క కేసు కూడా తేలకపోవడంతో 2015లో ఆ పద్ధతి ఆపేశారు. న్యూయార్క్ కూడా ఇలాంటిదే మొదలుపెట్టి 2012లో వదిలేసింది.

ఆలోచన తప్పు కాదు, సరంజామా చాల్లేదు. నేరస్థలంలో దొరికిన తొడుగుల బొమ్మలను ఒకదానితో ఒకటి సరిపోల్చే ఫెడరల్ నెట్‌వర్క్ ఇప్పటికీ పని చేస్తోంది, ఎందుకంటే అందులో ఉన్నవి నేరాలతో సంబంధమున్న తొడుగులు. మేరీల్యాండ్ కొట్లో ఉన్నవి కొన్నవాళ్లందరివీ. ఖాళీ తొడుగుకు పోలీసుల దృష్టిలో నిజమైన విలువ ఇదే, సాక్ష్యంగా. డీసీ దాన్ని నేరంగా చూడటానికి కారణం వేరే, అది తూటాలో భాగం కావడం.

మసాచుసెట్స్, కాలిఫోర్నియా: ఒకే దేశం, రెండు నిఘంటువులు

మసాచుసెట్స్ చట్టం కూడా తొడుగు, ప్రైమర్, గుండు, మందు ఏది విడిగా ఉన్నా మందుగుండే అంటుంది. దగ్గర ఉంచుకోవాలంటే రాష్ట్రం ఇచ్చే తుపాకీ గుర్తింపు కార్డు గానీ లైసెన్సు గానీ ఉండాలి. బోస్టన్‌లో చదువుకునే మన పిల్లలు పక్కనున్న న్యూ హాంప్‌షైర్‌లో రేంజ్‌కి వెళ్లి గుర్తుగా తొడుగు తెచ్చుకుంటే సరిగ్గా డీసీ పరిస్థితే. కాలిఫోర్నియాలో తుపాకుల చట్టాలు దేశంలోనే కఠినమైనవాటిలో లెక్క, కానీ అక్కడ తూటాల అమ్మకం నియమాలకు వాడే నిర్వచనం ప్రైమర్, మందు, గుండు అన్నీ ఉన్న నిండు తూటా గురించే మాట్లాడుతుంది. అంటే 'ఆ రాష్ట్రం స్ట్రిక్ట్, ఈ రాష్ట్రం ఫ్రీ' అని గుర్తు పెట్టుకున్నా లాభం లేదు. తుపాకుల మీద గట్టిగా ఉన్న చోట తొడుగుల మీద మెత్తగా ఉండొచ్చు.

వీసా మీద ఉన్నవాళ్లు చూడాల్సిన లైను

తెలుగువాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైనది ఈ భాగం. అమెరికా ఫెడరల్ చట్టంలోనూ మందుగుండు నిర్వచనంలో తొడుగులు, ప్రైమర్లు, గుళ్లు, మందు ఉన్నాయి. అమెరికా పౌరుల్లో చాలామందికి దీంతో ఇబ్బంది లేదు, ఎందుకంటే ఫెడరల్ చట్టం అందరినీ ఆపదు, కొన్ని వర్గాలనే ఆపుతుంది. పెద్ద నేరాల్లో శిక్ష పడ్డవాళ్లు ఆ జాబితాలో ఉన్నారు. నాన్-ఇమిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చే వీసా మీద వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-4, బి-2 అన్నీ నాన్-ఇమిగ్రెంట్ వీసాలే. వేట లైసెన్సు ఉన్నవాళ్లకు, వేట లేదా క్రీడా పోటీల కోసమే దేశంలోకి వచ్చినవాళ్లకు, ఇంకా కొద్దిమందికి మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లు ఈ నిషేధంలోకి రారు.

శిక్ష గరిష్ఠంగా 15 ఏళ్లు, 2022కు ముందు 10 ఏళ్లుండేది. అంతకంటే పెద్ద దెబ్బ ఇమిగ్రేషన్ వైపు నుంచి వస్తుంది, ఈ సెక్షన్ కింద శిక్ష పడితే దాన్ని తీవ్ర నేరాల తరగతిలో వేస్తారు, దేశం నుంచి పంపేయడానికి అది చాలు. ఒక్క ఖాళీ తొడుగు కోసం ఫెడరల్ ప్రాసిక్యూటర్ కేసు పెట్టడం మామూలుగా జరిగే పని కాదన్నది నిజమే. అలాగని ధైర్యంగా ఉండిపోవడానికి లేదు, ఎందుకంటే చట్టంలో ఆ మాట ఉన్నంతకాలం వాడాలా వద్దా అన్న నిర్ణయం అవతలివాళ్ల చేతిలో ఉంటుంది.

2019 జూన్ 21న సుప్రీంకోర్టు తీర్పిచ్చిన రెహైఫ్ కేసు సరిగ్గా ఇలాంటి చోటే మొదలైంది. యూఏఈ నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చిన యువకుడు. మార్కులు బాగోలేక యూనివర్సిటీ తీసేసింది, దాంతో వీసా హోదా పోయింది. తర్వాత ఫ్లోరిడాలో ఒక రేంజ్‌కి వెళ్లి రెండు తుపాకులు కాల్చాడు. కేసు పడింది. తనకు ఆ హోదా పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాల్సిందేనని కోర్టు 7-2 తేడాతో చెప్పింది. ఇది విన్నవాళ్లు కొందరు 'తెలియదంటే చాలు' అని అర్థం చేసుకుంటారు. అలా కాదు. కోర్టు అడిగింది హోదా గురించిన జ్ఞానం, చట్టం గురించిన జ్ఞానం కాదు. తాను ఎఫ్-1 మీద ఉన్నానని తెలియని విద్యార్థి ఎవరుంటారు?

మన చట్టంలో ఉన్న తలుపు

భారత ఆయుధ చట్టం 1959లోనూ నిర్వచనం పెద్దదే. తూటాలతో పాటు వాటి విడిభాగాలు, తయారు చేసే యంత్రాలు కూడా మందుగుండు కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా దగ్గరుంటే సెక్షన్ 25 కింద కేసు. 2019 సవరణ ఈ చట్టంలో శిక్షలను ఇంకా పెంచింది. అయితే డీసీ చట్టంలో కనిపించనిది ఒకటి ఇక్కడుంది. సెక్షన్ 45లో డి క్లాజు. ఆయుధాల, మందుగుండు తాలూకు చిన్న విడిభాగాలు ఉండి, వాటిని జతపడే మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకపోతే చట్టం వర్తించదు అంటుందది. షోకేసులో పెట్టుకున్న ఖాళీ తొడుగుకు ఇంతకంటే సూటిగా సరిపోయే వాక్యం ఉండదు.

దీనికి తోడు కోర్టులు వేసిన దారి ఒకటుంది. 1972లో గుణవంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, వస్తువు దగ్గరుండటమే కాదు, ఉందన్న ఎరుక కూడా ఉండాలి అంది. 1994లో సంజయ్ దత్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం కూడా తెలిసి దగ్గర పెట్టుకోవడాన్నే 'కలిగి ఉండటం' అనాలని చెప్పింది. 2012లో ఢిల్లీ హైకోర్టు చాన్ హాంగ్ సైక్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, తుపాకీ లేకుండా బ్యాగులో దొరికిన ఒంటరి తూటాను సెక్షన్ 45 మినహాయింపు వైపు నుంచి చూసింది, కేసు కొట్టేసింది. విమానాశ్రయాల్లో పాత బ్యాగు అడుగున తూటా బయటపడ్డ చాలా కేసుల్లో లాయర్లు తరచుగా ముందుపెట్టే తీర్పు అదే.

చిక్కల్లా ఈ తలుపు ఎక్కడ తెరుచుకుంటుందన్నదే. శంషాబాద్‌లో గానీ ఢిల్లీలో గానీ స్కానర్ తెర మీద ఆ ఆకారం కనబడగానే సీఐఎస్‌ఎఫ్ వాళ్లు బ్యాగు పక్కకు తీస్తారు, స్థానిక పోలీసులకు అప్పగిస్తారు, వస్తువు ల్యాబ్‌కి పోతుంది. ఫ్లైటు పోతుంది. ఎఫ్ఐఆర్ అయితే పాస్‌పోర్టు, వీసా దరఖాస్తుల్లో ప్రతిచోటా దాని గురించి రాయాల్సి వస్తుంది. మినహాయింపు ఉందని తేల్చి చెప్పేది హైకోర్టు, అది నెలల తర్వాత. తొడుగు ఖాళీదని, గుండూ ప్రైమరూ లేవని స్టేషన్ దశలోనే రాసి పంపేసే విధానం స్పష్టంగా ఉంటే ఈ టెన్షన్ చాలామందికి తప్పేది. మంచి క్లాజు రాసిపెట్టుకుని దాన్ని చివరి మెట్టు మీద ఉంచడం న్యాయంగా లేదు.

ఎన్‌సీసీలో చేరిన పిల్లలకు దీని సంగతి ముందే తెలుస్తుంది. ఫైరింగ్ రోజున ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖాళీలూ ఏరి లెక్క అప్పగించాలి, ఒకటి తగ్గితే గడ్డిలో అందరూ వంగి వెతకాల్సిందే. అక్కడ ఖాళీ తొడుగు ఒక లెక్క, తూటా నిజంగా పేలింది, పక్కదారి పట్టలేదు అనడానికి రుజువు.

ఇంకో రెండు మూడు దేశాలు

బ్రిటన్‌లో తుపాకీ దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు, కానీ పేలిపోయిన ఖాళీ తొడుగు మీద అక్కడ లైసెన్సు గొడవ లేదు. నియంత్రణ ప్రైమర్ల కొనుగోలు మీద పెట్టారు, ఎందుకంటే ఇంట్లో తయారు చేయడం కష్టమైన భాగం అదే. 2023లో ఇంకో చట్టం తెచ్చి, అనుమతి లేని తూటాలు కూర్చే ఉద్దేశంతో విడిభాగాలు ఉంచుకోవడాన్ని నేరం చేశారు. ఉద్దేశం అన్న ఒక్క మాటతో షోకేసు మనిషీ, దొంగ వర్క్‌షాపు మనిషీ విడిపోయారు. ఫిలిప్పీన్స్ 2013 చట్టం ఇంకా సూటిగా, గుండు, మందు, తొడుగు, ప్రైమర్ కలిసిన పూర్తి తూటానే మందుగుండు అంది. అయినా 2015లో మనీలా విమానాశ్రయంలో ప్రయాణికుల సంచుల్లో తూటాలు వేసి డబ్బులు గుంజుతున్నారన్న ఆరోపణలతో దేశమంతా అట్టుడికింది, జనం సూట్‌కేసులకు ప్లాస్టిక్ చుట్టుకుని వచ్చారు. నిర్వచనం ఎంత బాగా రాసినా, దగ్గర దొరకడమే నేరం అయినప్పుడు అలాంటి మోసానికి చోటుంటుంది.

కరీబియన్‌లోని టర్క్స్ అండ్ కైకోస్ దీవుల్లో తుపాకీ, తూటా కేసులకు కనీసం 12 ఏళ్ల జైలు ఉండేది. 2024లో సెలవులకు వచ్చిన కొందరు అమెరికన్ల సామానులో వేట నాటి తూటాలు ఒకటీ రెండూ బయటపడి వరుసగా అరెస్టులయ్యాయి. అమెరికా నుంచి ఒత్తిడి పెరిగి, జూన్ నెలలో అక్కడి ప్రభుత్వం చట్టం మార్చి, జడ్జీలకు తక్కువ శిక్ష వేసే వీలిచ్చింది. ఆ తూటాలు నిండువే, ఖాళీవి కావు, కానీ పాఠం ఒకటే: కనీస శిక్ష కట్టేసి, ఉద్దేశం అడగకపోతే, మరిచిపోయినవాడూ స్మగ్లరూ ఒకే బోనులో నిలబడతారు.

ఇప్పటికి చేతిలో ఉన్న పని

చట్టాలు మారేదాకా ఆగడం ప్రయాణికుడి వల్ల కాదు. రేంజ్‌లో కాల్చే చోట ఇత్తడి కోసమే ఒక బకెట్ ఉంటుంది, తొడుగులు ఊడ్చి అందులో వేస్తారు. ఫొటో తీసుకుని తొడుగును ఆ బకెట్లోనే వదిలేస్తే సరిపోతుంది. వీసా మీద ఉన్నవాళ్లైతే రేంజ్ బుక్ చేసుకునే ముందే వేట లైసెన్సు సంగతి లాయరును అడగాలి, కౌంటర్లో ఉన్నవాళ్లు అడగలేదు కదా అని ఊరుకోకూడదు. ఇక బ్యాగు విషయానికొస్తే, అన్నయ్య దగ్గరో, ఆర్మీలో చేసిన మామయ్య దగ్గరో అరువు తెచ్చుకున్న పాత బ్యాక్‌ప్యాక్ ఉంటే, బట్టలు సర్దక ముందు దాన్ని తలకిందులు చేసి దులిపి, అడుగు కుట్టు దగ్గర, పక్క జిప్పుల్లో వేలు పెట్టి తడిమి చూసుకోవాలి. 19 మిల్లీమీటర్ల ముక్క కంటికి కనబడదు, స్కానర్‌కి కనబడుతుంది.